ఇంగ్లండ్ కౌన్సిళ్లు ఈ బడులను మళ్లీ ఎందుకు కడుతున్నాయి?

సామాజిక, భావోద్వేగ, మానసిక ఆరోగ్య అవసరాలున్న పిల్లల కోసం కొత్త స్పెషల్ స్కూలు కడతామనో, ఉన్నదాన్ని విస్తరిస్తామనో ఇంగ్లండ్‌లోని స్థానిక కౌన్సిళ్లు కొన్నేళ్లుగా ప్రకటిస్తున్నాయి. పిల్లల మానసిక ఆరోగ్యంపై శ్రద్ధ పెరిగిన మాట నిజమే గాని, ఈ నిర్మాణాల వెనక ఉన్న ఒత్తిడి ప్రధానంగా జమాఖర్చులది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నగరాల నుంచి పల్లెలకు తరలించిన పిల్లల్లో పక్క తడిపేవారు, పారిపోయేవారు, ఏ ఇంట్లోనూ ఇమడలేనివారు కనిపించడంతో, వారికోసం ప్రత్యేక హాస్టళ్లు తెరవవలసి వచ్చింది. 1944 విద్యాచట్టం కింద మరుసటి ఏడాది వచ్చిన నిబంధనలు ఇలాంటి పిల్లలను ‘సర్దుకుపోలేనివారు’ అనే అధికారిక వర్గంలో చేర్చాయి. ఊళ్లకు దూరంగా, పాత దొరల భవంతుల్లో రెసిడెన్షియల్ బడులు వెలిశాయి. అయితే వీలైనంతవరకు పిల్లలు ఇంట్లో ఉంటూ, మామూలు బడికి వెళుతూనే చికిత్స పొందాలని, ఈ పిల్లల గురించి ప్రభుత్వం వేసిన అండర్‌వుడ్ కమిటీ 1955లోనే చెప్పింది. నేటి విధానపత్రాలు ఇదే మాటను కొత్తగా కనిపెట్టినట్టు చెబుతుంటాయి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుపై మేరీ వార్నాక్ కమిటీ ఇచ్చిన నివేదిక (1978), దాని వెంట వచ్చిన 1981 చట్టం ఆ వర్గాలను రద్దు చేసి, వీలైన ప్రతి బిడ్డనూ మామూలు బడిలోనే చదివించాలన్నాయి. ఆశయం మంచిదే. కాని దానికి తగ్గ సిబ్బందిని, డబ్బును మామూలు బడులకు ఇవ్వకపోవడంతో, తరగతిలో నిలదొక్కుకోలేని పిల్లలు బడి నుంచి తొలగింపుల జాబితాలోకి చేరారు. ఈ విధానం నడిచిన తీరును 2005లో వార్నాకే స్వయంగా తప్పుపట్టారు.

తర్వాతి మలుపు చట్టాలది. 2011 విద్యాచట్టం ప్రకారం, కొత్త బడి అవసరమనుకున్న కౌన్సిల్ ముందుగా అకాడమీ ట్రస్టుల (ప్రభుత్వ నిధులతో, కౌన్సిల్ అదుపులో లేకుండా బడులు నడిపే సంస్థలు) నుంచి ప్రతిపాదనలు కోరాల్సి వచ్చింది. తానే నేరుగా తెరవడం కష్టమైంది. 2014 చట్టం ఈహెచ్‌సీ ప్లాన్లను (బిడ్డకు అందాల్సిన విద్య, ఆరోగ్య, సంరక్షణ సాయాన్ని చట్టబద్ధంగా రాసిచ్చే పత్రాలు) తెచ్చి, ఆ సాయంపై హక్కును 25 ఏళ్ల వయసు దాకా పొడిగించింది. అంటే బాధ్యత పెరిగినప్పుడే బడి తెరిచే అధికారం తగ్గింది. 2015 జనవరిలో ఇలాంటి ప్లాన్లు, అంతకుముందు వాటి స్థానంలో ఉన్న పాత స్టేట్‌మెంట్లు కలిపి సుమారు 2.40 లక్షలు కాగా, 2024 జనవరికి ప్లాన్లు 5.75 లక్షలు దాటాయి. ప్లాన్‌లో రాసిన బడిపై తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ కౌన్సిళ్లు నెగ్గేది అరుదు.

స్థానికంగా సీటు లేనప్పుడు మిగిలేది ప్రైవేటు స్పెషల్ స్కూలే. 2024లో జాతీయ ఆడిట్ కార్యాలయం చూపిన లెక్క ప్రకారం, అక్కడ ఒక సీటుకు సగటున 61,500 పౌండ్లు అవుతుంటే, ప్రభుత్వ స్పెషల్ స్కూలులో 23,900 పౌండ్లే. దానికి ప్రయాణం తోడు: తెల్లవారుతూనే ఇంటి ముందు టాక్సీ, బిడ్డ పక్కన ఒక సహాయకురాలు, పొరుగు కౌంటీ దాకా గంట దారి, ఆ బిల్లు కూడా కౌన్సిల్‌దే. సొంత ఊళ్లోనే, ఎనిమిది పదిమంది పిల్లలకు ఒక టీచరు, ఇద్దరు సహాయకులు ఉండే తరగతిని నడపడం ఇంతకంటే చవక. అందుకే కౌన్సిళ్లు కేంద్రం ఇచ్చే మూలధన గ్రాంటుకు సొంత అప్పు జోడించి మరీ కడుతున్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లల చదువు ఖర్చు పద్దులోని లోటును కౌన్సిల్ ప్రధాన ఖాతాలో చూపనక్కరలేదన్న మినహాయింపు 2020లో మొదలై, 2028 మార్చి దాకా పొడిగింపు పొందింది. అప్పటిలోగా లోటు తగ్గించుకోవాలన్న తొందర వాటిది.

ఇంతా చేసి, పాత చిక్కు ఒకటి అలాగే ఉంది. 1974 పునర్వ్యవస్థీకరణలో బడి ఆరోగ్యసేవ స్థానిక సంస్థల చేతిలోంచి జాతీయ ఆరోగ్యసేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌కు వెళ్లిపోయింది. కౌన్సిల్ గదులు కట్టగలదు, టీచర్ల ఖర్చు భరించగలదు. కాని ఆ గదిలోకి వారానికి ఎన్ని గంటలు మనోవైద్య నిపుణులు వస్తారో తేల్చేది ఎన్‌హెచ్‌ఎస్సే.