48 గంటల తర్వాత ఎక్కడికి? సెర్బియా రోమా మహిళల గృహహింస వివాదం వెనుక

ఎప్పుడో మన ఉపఖండం నుంచి యూరప్‌కు వలస వెళ్లిన రోమాల బస్తీలో ఒక మహిళ భర్త చేతిలో ప్రాణం పోగొట్టుకున్నప్పుడల్లా సెర్బియాలో అదే తగవు లేస్తుంది. వాళ్ల ఆచారాలే అంత, బయటికొచ్చి చెప్పరు అంటారు ఒకవైపు. చెప్పినా అధికారులు వెనక్కి పంపారు అంటాయి రోమా మహిళా సంఘాలు. ఈ తగవు అర్థం కావాలంటే 2017 జూన్ 1 దగ్గర ఆగాలి.

ఆ రోజు గృహహింస నివారణ చట్టం అమల్లోకి వచ్చింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కొట్టినవాణ్ని బయటికి పంపే వీలు 2005 కుటుంబ చట్టంలోనే ఉంది. కాకపోతే దానికి కోర్టులో కేసు నడవాలి. కొత్త చట్టం ఆ భారాన్ని పోలీసు మీద పెట్టింది. సమాచారం ఎవరిచ్చినా కదలాల్సిందే. ఇంతకుముందు కొట్టాడా, చంపుతానన్నాడా, ఆయుధం ఉందా, ఆమె ఎంత భయపడుతోంది అన్నవి శిక్షణ పొందిన పోలీసు అధికారి చూస్తాడు. ప్రమాదం ఉందనిపిస్తే ఇంటికి రావద్దని, ఆమె జోలికి పోవద్దని 48 గంటలకు రాతపూర్వకంగా ఆదేశిస్తాడు. ప్రాసిక్యూటర్ 24 గంటల్లో పొడిగింపు కోరాలి, కోర్టు ఇంకో 24 గంటల్లో తేల్చాలి. గడువు 30 రోజులు పెరుగుతుంది. మన దేశపు 2005 గృహహింస చట్టంలో దరఖాస్తు పడ్డాక మొదటి వాయిదాకే మూడు రోజులు.

కాబట్టి ‘వాళ్లు ఫిర్యాదు చేయరు’ అనే సాకుకు ఆ రోజుతోనే కాలం చెల్లింది. తీరని చిక్కు మరొకటుంది. ఈ చట్టం రాసినవాళ్ల మనసులో ఒక తలుపు, ఒక తాళం ఉన్న ఫ్లాట్ ఉంది.

2012 ఏప్రిల్‌లో రాజధాని బెల్‌గ్రేడ్‌లోని బెల్విల్ రోమా బస్తీని ఖాళీ చేయించి దాదాపు వెయ్యిమందిని తరలించారు. నగరంలో నివాస నమోదు ఉన్నవాళ్లకు ఊరి చివర ఇనుప కంటైనర్లు దక్కాయి, కుటుంబానికి దాదాపు 14 చదరపు మీటర్లు. ఇలాంటి చోట గెంటేసిన భర్త ఎక్కడికి పోతాడు? పక్క కంటైనర్‌లోని అన్న దగ్గరికి. అత్తకు వండి పెట్టాల్సింది ఆ కోడలే, తిట్లు తినేదీ ఆమే. కాగితం మీద అతను ఇల్లు వదిలాడు, గోడ మాత్రం వదల్లేదు. పుట్టింటికి పోదామంటే, పెళ్లికొడుకు వైపు నుంచి ఓలి తీసుకునే తెగల్లో ఆ సొమ్ము తిరిగివ్వాలన్న పేచీ మొదలవుతుంది.

పిల్లల భయం ఇంకా లోతైనది. ఆమెకు సాయం చేయాల్సిన ప్రభుత్వ సోషల్ వర్క్ సెంటరే ఇంటి పరిస్థితి బాగాలేదని పిల్లల్ని తీసుకెళ్లగలదు కూడా. సామాజిక భృతి దరఖాస్తు చూసేదీ అదే. రోమా బస్తీల్లో 20–24 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా 18 నిండకముందే కాపురానికి వెళ్లినవాళ్లు. మైనరుతో కాపురం సెర్బియాలో నేరం, కుదిర్చిన తల్లిదండ్రులకూ శిక్ష ఉంది. పదహారేళ్ల పిల్ల దెబ్బలు తిని నోరు విప్పితే తన అమ్మానాన్నల మీదికే వస్తుంది. దీన్ని ‘ఆచారం’ అని పక్కన పెట్టేయడం అన్యాయం.

జనన నమోదు కాగితాలు లేనివాళ్ల సంగతి కొంత మెరుగు. పుట్టిన చోటు, తేదీ కోర్టు ద్వారా నిర్ధారించుకునే దారి 2012లోనే తెరిచారు.

ఇప్పటి తగవు అసలు కీలు సమన్వయ బృందాల దగ్గరుంది. ప్రాసిక్యూటర్, పోలీసు, సోషల్ వర్క్ సెంటర్ కనీసం 15 రోజులకోసారి కూర్చుని ఒక్కో బాధితురాలికి విడిగా రక్షణ ప్రణాళిక వేయాలి. నీష్ నగరంలో రొమానీ భాషలో హెల్ప్‌లైన్ నడిపే ‘ఓస్విట్’ లాంటి సంఘాలనూ, ఇంటింటికీ తిరిగే రోమా ఆరోగ్య మధ్యవర్తులనూ ఆ గదిలోకి పిలవచ్చు. ఆ అన్న కంటైనర్ ఏదో, రాత్రి ఎవరు ఉంటారో తెలిసింది వాళ్లకే. చట్టంలో మాత్రం ‘పిలవచ్చు’ అనే ఉంది, ‘పిలవాలి’ అని లేదు.