నడిపివాడి పిల్లిమొగ్గ

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పరీక్షలు దగ్గరపడుతుంటే అక్క లావుపాటి పుస్తకానికి రబ్బరు బ్యాండు వేసి మాటిమాటికీ పైకి ఎగరేస్తోందనీ, ఇదేం చదువనీ అడిగారు. అదీ చదువే. ఆకారం చెడకుండా తిరిగే వస్తువుల సంగతి చెప్పే ఆ శాస్త్రాన్ని దృఢవస్తు గతిశాస్త్రం అంటారు.

పుస్తకాన్ని మూడు విధాలుగా తిప్పవచ్చు. తిరగలి రాయిలా బల్లపరుపుగా తిప్పడం ఒకటి, అప్పడాల కర్రలా దొర్లించడం ఒకటి, పై అంచు కిందికి వచ్చేలా పిల్లిమొగ్గ వేయించడం మరొకటి. వీటిని ముగ్గురు అన్నదమ్ములనుకోండి. కదలడానికి అందరికంటే మొండికేసే తిరగలి పెద్దవాడు, ఇట్టే లొంగే అప్పడాల కర్ర చిన్నవాడు, పిల్లిమొగ్గ నడిపివాడు. ఆ మొండితనాన్నే అక్క జడత్వ భ్రామకం అంటుంది. మన చెయ్యి కాస్త వంకరపోయినా పెద్దవాడూ చిన్నవాడూ కొంచెం ఊగుతారే గాని దారి తప్పరు. నడిపివాడు మాత్రం వెంట్రుకవాసి తేడాను కూడా పెంచుకుంటూ పోయి అడ్డం తిరుగుతాడు. మా ఇంట్లో నేనూ నడిపివాడినే గనుక ఈ పోలికను ఒక పట్టాన వదలలేకపోతున్నాను.

మూడో తరగతిలో నాకు చెక్క చట్రం ఉన్న నిలువుపాటి రాతిపలక ఉండేది. ఎక్కాలు రాసిన వైపు పైకి ఉండేలా కింది అంచు పట్టుకుని ఎగరేస్తే, ఒక పిల్లిమొగ్గ వేసి అదే అంచు చేతిలో పడేది గాని ఎక్కాలు నేలను చూస్తుండేవి. చేతి వాటం కుదరలేదనుకుని మళ్లీ మళ్లీ ఎగరేసి, చివరికి పలక పగలగొట్టి, కొత్తది కొనిచ్చేదాకా ఇసుకలో రాసుకున్నాను. 1834లోనే పాయిన్సో అనే ఫ్రెంచి పండితుడు ఇటువంటి తిరుగుడు తీరును వివరించాడని అప్పుడు నాకు చెప్పేవారెవరు? 1985లో సల్యూత్-7 అంతరిక్ష కేంద్రంలో జానిబెకోవ్ అనే వ్యోమగామి రెక్కల నట్టు ఒకటి విప్పితే, అది గాలిలో తిరుగుతూ సాగిపోతూ, ఉన్నట్టుండి తలకిందులై, కాసేపటికి మళ్లీ మొదటిలా నిలిచిందట. అంతటివాడే ఆశ్చర్యపోయాడంటే నా పలక సంగతి చెప్పేదేముంది!

ఎందుకలా అంటే, దానికి అక్క నోటుపుస్తకంలో ఇటువంటి తిరుగుడును లెక్కగట్టే ఆయిలర్ సమీకరణాలు మూడున్నాయి. అన్నదమ్ముల కథ అక్కడిదాకా రాదు. మీరు అక్క పక్కన కూర్చుని పాత నోటుపుస్తకం ఒకటి, అట్ట మీది పేరు పైకి ఉండేలా, పదిసార్లు ఎగరేయండి. పేరు ఎన్నిసార్లు కిందికి తిరిగిందో నాకు రాయండి. నాన్న ఫోను జోలికి మాత్రం పోకండి.