కారు ముందు అద్దం మీది మంచు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు,

ఆశీస్సులు. మీలో కొందరు ఇప్పుడిప్పుడే కారు నడపడం నేర్చుకుంటున్నారు; మరికొందరు ఇంకా వెనక సీట్లో కూర్చుని పెద్దలు నడుపుతుంటే చూస్తున్నారు. నీరు గడ్డకట్టేంత చలి పడే చోట ఉండేవారికి, ఉదయం బయటకు వచ్చేసరికి కారు ముందు అద్దం తెల్లగా మూసుకుపోయి ఉండడం కొత్త సంగతి కాదు. ఆ మంచును వదిలించే చిట్కాలు చాలానే మీ చెవిన పడి ఉంటాయి. వాటిలో కొన్ని మంచివి, కొన్ని పనికిరానివి, ఒకటి రెండు ప్రమాదకరమైనవి. ఏది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే దేన్ని నమ్మాలో మీరే తేల్చుకోగలరు కాబట్టి, ముందు ఆ మంచు అక్కడికి ఎలా చేరుతుందో చెప్పి, తరువాత పనిలోకి వస్తాను.

గాలి ఉష్ణోగ్రత 2 లేదా 3 డిగ్రీలు ఉన్న రాత్రి కూడా అద్దం మీద మంచు పేరుకోవచ్చు. సున్నా కంటే పైన ఉన్నప్పుడు నీరు ఎలా గడ్డకట్టిందని మీకు సందేహం రావడం సహజం. ప్రతి వస్తువూ తనలోని వేడిని పరారుణ కిరణాల రూపంలో బయటకు పంపుతూనే ఉంటుంది. మేఘాలు ఉన్న రాత్రి అవి కొంత వేడిని తిరిగి కిందికి పంపుతాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి అలా తిరిగి వచ్చేది చాలా తక్కువ. అందువల్ల ఆకాశానికి ఎదురుగా వాలి ఉన్న ముందు అద్దం చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడి, సున్నా కిందికి దిగిపోతుంది. అప్పుడు గాలిలోని నీటి ఆవిరి, మధ్యలో నీరుగా మారకుండానే, నేరుగా స్ఫటికాలుగా అద్దం మీద నిలుస్తుంది. దానినే ఫ్రాస్ట్ అంటున్నాం. నిటారుగా ఉండే పక్క అద్దాలకు ఆకాశం తక్కువగా ఎదురవుతుంది కనుక వాటి మీద పొర పలుచగా ఉంటుంది. చెట్టు కింద లేదా కప్పు కింద నిలిపిన కారు మీద మంచు తక్కువగా ఉండడానికి కూడా కారణం ఇదే. రేపు ఉదయం ఒకే వీధిలో నిలిపిన రెండు మూడు కార్లను పోల్చి చూడండి. ఏది ఆకాశం కింద ఉందో, ఏది కొమ్మల కింద ఉందో అద్దాలే చెబుతాయి.

అద్దం మీద పేరుకునేదంతా ఒకే రకం కాదు. ఆవిరి నుంచి నేరుగా పుట్టిన తెల్లటి పొరలో స్ఫటికాల మధ్య గాలి ఉంటుంది కాబట్టి అది గుల్లగా ఉండి సులువుగా ఊడివస్తుంది. ముందుగా నీటి బిందువులుగా పట్టి తరువాత గడ్డకట్టినది, లేదా వాన చినుకులు పడుతూనే గడ్డకట్టగా ఏర్పడినది, పారదర్శకంగా, గట్టిగా, అద్దాన్ని పూర్తిగా కరచుకుని ఉంటుంది. హిమపాతం జరుగుతున్నప్పుడు వేడిగా ఉన్న కారును తెచ్చి నిలిపితే, అద్దం మీద పడిన హిమం ఆ వేడికి కరిగి, కారు చల్లబడగానే తిరిగి గడ్డకట్టి, అన్నిటికంటే మొండి పొరగా తయారవుతుంది. అందుచేత పనిముట్టు చేతికి తీసుకునే ముందు వేలితో ఒక మూల తాకి, ఎదురుగా ఉన్నది ఏ రకమో చూసుకోవడం మంచిది.

ఇక వేడి సంగతి. మంచును కరిగించడానికి ఎంత వేడి కావాలో చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. సున్నా డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో మంచును సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికే సుమారు 334 కిలోజౌళ్ల వేడి అవసరం; మీ పాఠాల్లో దీనినే గుప్తోష్ణం అంటారు. అంతే వేడిని ఆ నీటికి ఇస్తే అది సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీలకు చేరుతుంది. ఒక చదరపు మీటరు అద్దం మీద ఒక మిల్లీమీటరు మందంలో గట్టి మంచు ఉందనుకుందాం. దాని బరువు 900 గ్రాముల పైచిలుకు, దానిని కరిగించడానికి కావలసింది సుమారు 300 కిలోజౌళ్లు. ఒక కిలోవాట్ హీటర్ తన వేడినంతా ఆ మంచుకే ఇచ్చినా ఐదు నిమిషాలు పడుతుంది. నిజానికి ఆ వేడిలో ఎక్కువ భాగం కారు లోపలి గాలికి, లోహానికి, బయటి చలికి పోతుంది. పైగా పెట్రోలు, డీజిల్ కార్లలో హీటర్‌కు వేడి ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం నుంచి రావాలి, ఆ ద్రవమే ఇంకా చల్లగా ఉంటుంది. అందుకే ఇంజన్ ఆన్ చేసి లోపల కూర్చుంటే అద్దం దానంతట అదే శుభ్రపడుతుందని ఎదురుచూసేవారు చాలాసేపు ఎదురుచూస్తారు.

అయితే మంచునంతా కరిగించవలసిన అవసరమే లేదు. అద్దాన్ని అంటుకుని ఉన్న అతి పలుచటి పొర ఒక్కటి కరిగితే చాలు, మిగిలిన పొరకు పట్టు తప్పిపోతుంది. నా దృష్టిలో ఈ పని కిటుకు అంతా ఇందులోనే ఉంది: లోపలి వేడి పట్టు వదిలించాలి, బయటి చెయ్యి ఊడదీయాలి. డీఫ్రాస్టర్‌ను, అంటే అద్దం మీదికి వేడిగాలి వీచే ఏర్పాటును, ముందు అద్దం వైపుకు తిప్పి, మరీ ఎక్కువ వేడితో కాకుండా మధ్యస్థంగా మొదలుపెట్టి, అది తన పని చేస్తుండగా మీరు బయట మీ పని చేయండి. విద్యుత్ కార్లలో ఇంజన్ వేడెక్కే దాకా ఆగవలసిన పని ఉండదు; ఛార్జర్‌కు తగిలించి ఉన్నప్పుడే లోపలిని వేడి చేసే సదుపాయం చాలా కార్లలో ఉంది, దానిని వాడుకుంటే బ్యాటరీ కూడా మిగులుతుంది.

బయట మొదటి పని బ్రష్‌ది, మంచును గీకే స్క్రేపర్‌ది కాదు. మెత్తటి హిమాన్ని ముందుగా ఊడ్చివేయాలి, ఎందుకంటే దానిలో రోడ్డు మీది సన్నటి ఇసుక కలిసి ఉండవచ్చు. ఇసుకలోని క్వార్ట్‌జ్ గాజు కంటే గట్టిది. అద్దాన్ని గీసేది చాలాసార్లు స్క్రేపర్ కాదు, దాని కింద ఇరుక్కున్న ఇసుక రేణువే. ఆ గీతలు పగలు కనిపించకపోయినా, చలికాలపు ఉదయం సూర్యుడు తక్కువ ఎత్తులో ఎదురుగా ఉన్నప్పుడు ఒక్కసారిగా వెలిగి, దారిని కప్పేస్తాయి. స్క్రేపర్ ప్లాస్టిక్‌ది గాని ఇత్తడి అంచు ఉన్నది గాని కావాలి. రెండూ గాజు కంటే మెత్తనివి. ఇనుప గరిటెలు, కత్తులు, బ్లేడ్లు ఈ పనికి తగవు. బ్యాంకు కార్డుతో గీకడం అలవాటైనవారు కూడా ఉంటారు. పలుచటి పొర మీద అది కొంత పనిచేసినా, గట్టి పొర మీద కార్డే విరుగుతుంది. స్క్రేపర్‌ను అద్దానికి ఏటవాలుగా ఆనించి, పైనుంచి కిందికి పొడవైన వరుసల్లో తోయండి. ఒకచోట ఊడకపోతే బలం పెంచకండి, ఇంకో చోట మొదలుపెట్టండి. ఈలోగా లోపలి వేడి అక్కడికి చేరుతుంది.

వేడి నీళ్లు పోస్తే క్షణంలో అయిపోతుంది కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. చల్లటి గాజు గ్లాసులో మరుగుతున్న నీళ్లు పోస్తే అది చిట్లడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ జరిగేది కూడా అదే. గాజులో వేడి నెమ్మదిగా ప్రసరిస్తుంది, కాబట్టి నీళ్లు తగిలిన పైభాగం వెంటనే వ్యాకోచిస్తుంది, లోపలి భాగం, పక్కభాగం చల్లగానే ఉండి ఆ వ్యాకోచాన్ని అడ్డుకుంటాయి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పలుచటి ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దం. పగిలినా ముక్కలు మీద పడకుండా ఆ పొర పట్టి ఉంచుతుంది గాని, పగలకుండా ఆపలేదు. ఎప్పుడో చిన్న రాయి తగిలి కంటికి ఆనని దెబ్బ ఉన్నచోట ఈ ఒత్తిడి చేరితే, పగులు అక్కడి నుంచి బయలుదేరి అద్దమంతా పాకవచ్చు. ప్రతిసారీ పగలదన్నది నిజమే. పగలనందువల్లే కొందరు ఇది మంచి ఉపాయమని నమ్మి, ఇతరులకూ చెబుతారు. పోసిన నీరు తీవ్రమైన చలిలో అద్దం మీద, కాళ్ల కింద తిరిగి గడ్డకడుతుందన్న సంగతి దీనికి అదనం.

ద్రవాల్లో ఆల్కహాల్ ఉన్నవే నిజంగా పనికివస్తాయి. శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మైనస్ 89 డిగ్రీల దాకా గడ్డకట్టదు. నీళ్లతో కలిపినప్పుడు ఆ హద్దు బాగా పైకి వచ్చినా, మామూలు చలికి సరిపోతుంది. దీనిని చల్లి ఒకటి రెండు నిమిషాలు ఆగితే పొర మెత్తబడుతుంది. ఇది నిప్పంటుకునే ద్రవం, కాబట్టి మంటలకు దూరంగా, పెద్దవారి చేతిలోనే ఉండాలి. వెనిగర్‌లో ఆమ్లం 5 శాతం మాత్రమే ఉంటుంది కనుక అది నీటికంటే సుమారు రెండు డిగ్రీల కింద గడ్డకట్టిపోతుంది. దానిని గురించి విన్న మాటలు పట్టించుకోనక్కరలేదు. ఉప్పునీరు మంచును కరిగించగలదు గాని కారు లోహాన్ని తినేస్తుంది. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాల్లో వాడే ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న ద్రవాలు తియ్యగా ఉంటాయి, విషపూరితమైనవి కూడా. నేల మీద ఒలికిన దానిని చిన్నపిల్లలు గాని కుక్కలు, పిల్లులు గాని నాకితే ప్రాణం మీదికి వస్తుంది.

వైపర్ల గురించి ఒక మాట. అసలు వైపర్ పుట్టుకకు చలికాలపు వాతావరణమే కారణం. అమెరికాకు చెందిన మేరీ ఆండర్సన్ అనే మహిళ న్యూయార్క్ వెళ్లినప్పుడు, మంచు కలిసిన వానలో ముందు అద్దం కనిపించక ట్రామ్ డ్రైవర్ పడుతున్న అవస్థ చూసి, లోపలి నుంచి మీటతో తిప్పగలిగే తుడుపు పుల్లను రూపొందించి, 1903లో దానికి పేటెంట్ పొందారు. ఆమె ఆలోచించింది తడిని, మెత్తటి హిమాన్ని తుడవడం గురించి. గడ్డకట్టిన పొరను గీకడానికి ఆ రబ్బరు అంచు సరిపోదు. అద్దానికి అతుక్కుపోయిన వైపర్‌ను స్విచ్ వేసి కదిలించబోతే రబ్బరు చిరుగుతుంది, లేదా మోటారు దెబ్బతింటుంది. కారు ఆపేటప్పుడే వైపర్ స్విచ్‌ను ఆఫ్‌లో ఉంచితే, ఉదయం ఇంజన్ ఆన్ చేయగానే అవి తమంతట తాము కదలబోవడం అనే సమస్యే ఉండదు.

అద్దం లోపలి వైపున కూడా ఒక్కోసారి మంచు పడుతుంది. అది మన ఊపిరిలోని తేమ, తడి బూట్లతో లోపలికి వచ్చిన నీరు. లోపల స్క్రేపర్ వాడకండి. వెనక అద్దం మీద వేడి చేసే సన్నటి గీతలు ఉంటాయి, గీకితే అవి తెగిపోతాయి. పొడి గుడ్డతో తుడిచి, లోపలి గాలే తిరిగి తిరిగి వచ్చే స్విచ్‌ను ఆపి, బయటి గాలిని రానివ్వండి. చలిలో ఏసీ వేయడం విడ్డూరంగా అనిపించవచ్చు, కానీ అది గాలిలోని తేమను తీసివేస్తుంది కాబట్టి హీటర్‌తో పాటు ఏసీ వేస్తే అద్దం త్వరగా తేటపడుతుంది. బానెట్‌కు, అద్దానికి మధ్య ఉన్న జాలీ గుండానే బయటి గాలి లోపలికి వస్తుంది. అక్కడ హిమం పేరుకుని ఉంటే ముందు దానిని తీసివేయాలి.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం, చిన్నవారు మరీ శ్రద్ధగా చదవండి. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి ఉంచకూడదు, తలుపు కొద్దిగా తెరిచి ఉన్నా సరే. హిమం ఎక్కువగా పడిన ఉదయం, పెద్దవారు బయట అద్దాలు శుభ్రం చేస్తుండగా మిమ్మల్ని లోపల వెచ్చగా కూర్చోమనవచ్చు. అప్పటికి వెనకవైపు సైలెన్సర్ గొట్టం హిమంలో కూరుకుపోయి ఉంటే, పొగ బయటకు పోలేక కారు కిందినుంచి లోపలికి చేరుతుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు వచ్చేసరికి తలుపు తీసుకునే శక్తి కూడా ఉండకపోవచ్చు. గొట్టం చుట్టూ హిమం తీశారా అని పెద్దవారిని అడగండి. తీసేదాకా చలిగా ఉన్నా బయటే నిలబడండి. అలా అడగడం పెద్దలను ఎదిరించినట్టు కాదు, ఏ పెద్దవారూ దానికి కోపగించుకోరు.

డ్రైవర్ కంటికి ఎదురుగా చిన్న కంత చేసుకుని బయలుదేరేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కారు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది; రోడ్డు దాటే మనిషి ఎదురుగా కాకుండా పక్కనుంచి వస్తాడు, అంటే ఆ కంతకు బయటనుంచి వస్తాడు. అందుచేత ముందు అద్దమంతా, పక్క అద్దాలు, వెనక అద్దం, వెనక దృశ్యం చూపే అద్దాలు, దీపాలు, కెమెరా ముందున్న భాగం, ఇవన్నీ శుభ్రపడాలి. పాత హాలోజన్ దీపాల వేడికి హిమం కొంత కరిగేది. ఎల్‌ఈడీ దీపాల ముందు భాగం అంతగా వేడెక్కదు కాబట్టి వాటిని చేత్తోనే తుడవాలి. కప్పు మీది హిమాన్ని కూడా దించివేయండి. లేకపోతే మొదటి బ్రేకు వేయగానే అది జారి, మీరు అంత కష్టపడి తుడిచిన అద్దం మీదే పడుతుంది, లేదా గాలికి లేచి వెనక వచ్చేవారి మీద పడుతుంది.

ఇందులో సగం శ్రమ ముందురోజు సాయంత్రమే తప్పించుకోవచ్చు. కప్పు కింద చోటు ఉంటే అక్కడ నిలపండి. లేకపోతే ముందు అద్దం మీద పొడి కవర్ పరిచి, దాని అంచులను తలుపుల్లో బిగించండి. ఆకాశం వైపు పోయే వేడిని అది ఆపుతుంది, పడే మంచు దాని మీదే పడుతుంది. తడి గుడ్డ పరిస్తే అదే గడ్డకట్టి అద్దానికి అంటుకుంటుంది. ఇల్లు చేరగానే తలుపులు కొద్దిసేపు తెరిచి ఉంచితే లోపలి తేమగాలి బయటకు పోతుంది. అద్దం మీద చల్లే ద్రవం ఉండే వాషర్ ట్యాంకులో మామూలు నీళ్లకు బదులు ఆల్కహాల్ కలిసిన చలికాలపు ద్రవం ఉందో లేదో చూసుకోండి. నీళ్లు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి గొట్టాలను పగలగొట్టగలవు.

బయలుదేరిన తరువాత, అద్దం ఇంకా పూర్తిగా వెచ్చబడకముందే వాషర్ ద్రవాన్ని చల్లకండి. వేగంగా వీచే గాలికి దానిలోని ఆల్కహాల్ ముందుగా ఆవిరై, అద్దాన్ని ఇంకా చల్లబరచి, మిగిలిన నీటిని కళ్లముందే గడ్డకట్టిస్తుంది. అలా జరిగితే కంగారుపడి వైపర్లు గబగబా తిప్పకుండా, వేగం తగ్గించి, సురక్షితమైన చోట పక్కకు ఆపి, డీఫ్రాస్టర్ పూర్తిగా వేసి, అద్దం తేటపడేదాకా అక్కడే ఉండండి.

ఇట్లు,
మీ తాతయ్య