పలు దేశాల ప్రాజెక్టుల్లో సమన్వయ ఖర్చు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సమన్వయమంటే నాలుగు ఈమెయిళ్లు, నెలకో జూమ్ కాల్. దానికి వేరే బడ్జెట్ ఎందుకు?

వాస్తవం: ఆ ఒక్క కాల్‌నే తీసుకోండి. చిరుధాన్యాల మీద హైదరాబాద్, నైరోబీ (కెన్యా), నియామీ (నైజర్) సంస్థలు కలిసి పనిచేస్తున్నాయనుకుందాం. మనకు మధ్యాహ్నం 1:30 అయితే నైరోబీలో 11, నియామీలో 9. మూడు చోట్లా ఒకేసారి ఆఫీసు నడిచే వేళ అప్పటి నుంచి మన సాయంత్రం దాకానే. నియామీ వాళ్లు పనిచేసేది ఫ్రెంచిలో. దుబాసీలు ఇద్దరుండాలి, ఒక్కరే అరగంట దాటి చేస్తే తప్పులు దొర్లుతాయి. ఎజెండా, మినిట్స్ రెండు భాషల్లో. ఆ తర్వాత ఒప్పుకున్న పనుల కోసం ఒక్కొక్కరి వెంటపడాలి. కాల్‌కు కనీసం రెండు పనిదినాలు, అంటే ఏడాదికి 24 వేసుకోండి. బడ్జెట్‌లో రాయకపోతే అది ఫీల్డ్ సిబ్బంది నెత్తినే పడుతుంది.

అపోహ: డబ్బంతా హైదరాబాద్‌కు తెప్పించి మనమే భాగస్వాములకు పంచవచ్చు.

వాస్తవం: విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020 సెప్టెంబరులో సవరించాక కుదరదు. ఎఫ్‌సీఆర్‌ఏ సెక్షన్ 7 ప్రకారం విదేశీ విరాళాన్ని ఇంకెవరికీ బదిలీ చేయకూడదు, అవతలివాళ్లకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. దాత ఒక్కో దేశంలోని సంస్థతో విడిగా ఒప్పందం చేసుకోవాలి. ఈ సంగతి ప్రపోజల్ రాసేటప్పుడే చెప్పండి, సంతకాలయ్యాక చెబితే బడ్జెట్ మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: పరిపాలన ఖర్చు విదేశీ విరాళంలో 20 శాతం దాకా ఉండొచ్చు కదా, సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. కోటి రూపాయల ప్రాజెక్టులో సమన్వయం 12 లక్షలు అనుకోండి, 12 శాతమే. భాగస్వాములకు మనం పంచడం ఆగాక మన చేతికొచ్చేది 40 లక్షలే, సమన్వయం మాత్రం అదే 12 లక్షలు. అంటే 30 శాతం. పరిమితి 8 లక్షలు. దాటాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. 2020కి ముందు పరిమితి 50 శాతం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అయితే సమన్వయమంతా పరిపాలన కాదు. మేనేజ్‌మెంట్ జీతాలు, అద్దె, ఫోను, లెక్కలు, రిపోర్టులు రాయడం పరిపాలనే. ప్రధానంగా పరిశోధన, శిక్షణ చేసే సంస్థల్లో శిక్షకుల జీతాలు, క్షేత్ర సమాచారం సేకరించి విశ్లేషించేవాళ్ల జీతాలు ఆ లెక్కలోకి రావు. అన్నీ కలిపి 'కోఆర్డినేటర్' అని ఒకే పోస్టు పెడితే ఆడిటర్ మొత్తాన్నీ పరిపాలన కింద వేసేస్తారు. పనులు విడదీయండి, టైమ్‌షీట్లు పెట్టండి.

అపోహ: ఐరాసలో సమన్వయం ఉచితం.

వాస్తవం: కాదు. ఫలానా పనికే అని గిరిగీసి ఇచ్చే అభివృద్ధి నిధులపై 2019 నుంచి 1 శాతం సమన్వయ సుంకం ఉంది.

అపోహ: ఏడాదికోసారి అందరినీ ఇక్కడికి పిలవడానికి టికెట్లు, హోటల్ చాలు.

వాస్తవం: నైజర్, కెన్యాల నుంచి వచ్చేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి. టీకా వేసుకుని 10 రోజులు నిండాలి. లేకపోతే శంషాబాద్‌లో దిగాక ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు, ఈలోగా మీటింగ్ ముగుస్తుంది. కార్డు మీద తేదీ చూశాకే టికెట్ తీయండి.