చల్లటి గదిలో విత్తనం సరే, గట్టు పక్కన వరి మాటేంటి?

1963లో ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన కాసిని అడవి వరి గింజలు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు చేరాయి. ఆ మొక్క శాస్త్రీయ నామం ఒరైజా నివారా. మన కావ్యాల్లో మునుల ఆశ్రమాల చుట్టూ కనిపించే నీవారం పేరే దానికి పెట్టారు. గింజ పండీ పండగానే రాలిపోతుంది, మూతికి పొడవాటి ముల్లు ఉంటుంది. ఏ రైతూ కోరి నాటడు.

ఆ తర్వాత కొన్నేళ్లకు గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు ఆసియా వరి పొలాల మీద పడింది. దాన్ని మోసుకొచ్చేది సుడిదోమ. తెగులు సోకిన దుబ్బు గిడసబారి గడ్డిలా గుబురుకడుతుంది, వెన్ను సరిగా వెయ్యదు. 1973-74లో కేరళ రైతులు దీనితో బాగా దెబ్బతిన్నారు. విరుగుడు కోసం శాస్త్రవేత్తలు ఆరు వేలకు పైగా వరి నమూనాలను పరీక్షిస్తే, గట్టిగా తట్టుకున్నది ఆ ఒక్క ఉత్తరప్రదేశ్ నీవారమే. ఆ సంస్థలోని వరి శాస్త్రవేత్త గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని సాగు వరితో సంకరం చేసి, ఆ నిరోధక గుణాన్ని కొత్త రకాల్లోకి తెచ్చింది. వాటిలో ఒకటైన ఐఆర్ 36 రకం 1976లో విడుదలై, 1980లలో కోటి హెక్టార్లకు పైగా విస్తరించింది. ఆ గింజల్ని అప్పుడు ఎవరూ ఏరి ఉండకపోతే ఏమయ్యేదో ఊహించుకుంటేనే టెన్షన్ వస్తుంది.

ఇలాంటి అనుభవాలతో విత్తన బ్యాంకుల మీద నమ్మకం పెరిగింది. ఎక్కువ దిగుబడినిచ్చే పొట్టి రకాలు ఊరూరా నాటు రకాలను తోసేస్తున్న రోజులు కూడా అవే. మన దేశంలో 1976లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ఏర్పడింది. 2008లో నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో ప్రపంచ విత్తన నిల్వ తెరుచుకుంది. విత్తనాన్ని ఆరబెట్టి సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో పెడితే దశాబ్దాలు బతుకుతుంది.

బతుకుతుంది కానీ అక్కడితో ఆగిపోతుంది. పొలంలో ఉన్న విత్తనం ఏటా కొత్త పురుగును, కొత్త ఎండను చూస్తుంది. పక్కనున్న అడవి మొక్క పుప్పొడీ అప్పుడప్పుడూ కలుస్తుంది. రైతు మంచి వెన్నులు ఏరి మరుసటేడాదికి దాస్తాడు. గదిలో ఈ పనేదీ జరగదు. 1992 రియో జీవవైవిధ్య ఒప్పందం పంటల్ని అవి రూపుదిద్దుకున్న చోటే కాపాడాలని చెప్పడానికి కారణం ఇదే.

మన దేశంలో అలాంటి చోటు ఒకటి చెప్పమంటే నేను ఒడిశాలోని జయపురం, కోరాపుట్ కొండల పేరే చెబుతాను. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ సంస్థానం ఇదే. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ 1955 నుంచి 1959 వరకు ఈ కొండల్లో సర్వే చేసి సుమారు 1750 నాటు వరి నమూనాలు సేకరించింది. మెట్ట చేనుకు ఒకటి, మధ్యరకం భూమికి ఒకటి, నీళ్లు నిలిచే పల్లానికి మరొకటి. మచ్ఛకంట, హలదిచూడి, నల్లటి పొట్టుతో ఘుమఘుమలాడే కాలాజీర అందులోవే. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ మళ్లీ వెతికితే దొరికినవి 300 పైచిలుకు. మొదటి లెక్కలో ఒకే రకం రెండు మూడు పేర్లతో పడి ఉండొచ్చు, అది మినహాయించుకున్నా పోయింది తక్కువేం కాదు.

మిగిలిన వాటిని నిలిపింది ముఖ్యంగా అక్కడి ఆదివాసీ ఆడవాళ్లు. పత్రాపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి వందకు పైగా నాటు రకాలు సేకరించి కాపాడారు, 2019లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. 2024లో కోరాపుట్ కాలాజీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరుతో ఆ ప్రాంతపు బియ్యాన్నే అమ్మాలి. నాకు వీటన్నిటిలో ఆ చివరిదే ఎక్కువ ఆశ కలిగిస్తుంది. అవార్డు ఒక్కసారి వస్తుంది, బియ్యానికి ధర వస్తే రైతు ఏటా వేస్తాడు.

చట్టం కూడా రైతు వైపు కొంత జరిగింది. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల రక్షణ చట్టం తన పంట విత్తనాన్ని దాచుకునే, పంచుకునే, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కును రైతుకు ఉంచింది. నాటు రకాలు కాపాడిన సముదాయాలకు 10 లక్షల రూపాయల అవార్డూ ఆ వ్యవస్థలోదే.

నీవారానికి మాత్రం అలా కాపలా కాసే రైతు లేడు. అది రక్షిత అడవుల్లో కన్నా చెరువు అంచుల్లో, రోడ్డు పక్క గుంటల్లో ఎక్కువ పెరుగుతుంది. పొలంలో కనిపిస్తే కలుపు కింద పీకేస్తారు, రైతును తప్పుపట్టలేం. గుంట పూడిస్తే, చెరువు గట్టు వెడల్పు చేస్తే అది పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. నిమ్మజాతి అడవి మొక్కల కోసం మేఘాలయలోని గారో కొండల్లో ప్రత్యేక రక్షిత ప్రాంతం ఉంది. అడవి వరికి అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు, ఒక్కో జిల్లాలో రెండు మూడు చెరువుల అంచులు చాలు. 2002 జీవవైవిధ్య చట్టం కింద పటాన్‌చెరు దగ్గరి అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు కాబట్టి దారి ఉన్నట్టే. అదే చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ వేసి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఆ రిజిస్టర్‌లో అడవి వరి పెరిగే గుంట ఎక్కడుందో ఒక వరుస రాసి, పూడికతీత పనులు మంజూరు చేసే ఇంజనీరు దాన్ని చూసి తీరాలనే నిబంధన పెట్టడం ఇప్పుడు మన రెండు రాష్ట్రాలూ చేయగలిగిన పని.