ఎకరా రూపాయికి కొన్న ఊటీ

2024 జులైలో తమిళనాడు రెవెన్యూ అధికారులు ఊటీ రేస్‌కోర్సును స్వాధీనం చేసుకున్నారు. 52 ఎకరాల పైచిలుకు స్థలం. లీజు బకాయిలు రూ.822 కోట్లకు చేరాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. చర్చంతా రేస్‌కోర్సు నడిపిన మద్రాస్ రేస్ క్లబ్బుకూ ప్రభుత్వానికీ మధ్యే నడిచింది. కానీ ఆ నేల ఒకప్పుడు ఊటీ చెరువులో భాగం. చెరువు కంటే ముందు అది నీలగిరి గిరిజనులైన తోడాల గేదెలు మేసిన లోయ. అక్కడ భూమి చేతులు మారడం మొదలైన కథ జాన్ సల్లివన్‌ది.

సల్లివన్ ఈస్టిండియా కంపెనీ తరఫున కోయంబత్తూరు కలెక్టరు. 1819 జనవరిలో నీలగిరి ఎక్కాడు. కింద ఎండలకు జబ్బుపడే తెల్లవాళ్లకు ఆ చలి ప్రాణం లేచొచ్చేలా ఉంటుందని గ్రహించి, ముందు కోటగిరి దగ్గర బంగ్లా కట్టుకున్నాడు. 1822లో ఊటీలో స్టోన్‌హౌస్ మొదలుపెట్టాడు. స్థానికులు దాన్ని ‘కల్ బంగ్లా’ అన్నారు. ఆ ప్రాంగణంలో ఇప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ నడుస్తోంది.

బంగ్లాతో పాటు తోట వచ్చింది. ఇంగ్లండ్ నుంచి తోటమాలిని రప్పించి బంగాళాదుంప, బార్లీ, పీచ్, స్ట్రాబెర్రీ వేయించాడు. 1823లో లోయలోకి దిగే వాగులకు అడ్డంగా కట్ట వేయించడం మొదలుపెడితే, 1825కి చెరువు తయారైంది. ఎండాకాలంలో దిగువ మైదానాల సాగుకు నీళ్లు వదలాలన్నది అప్పటి ఆలోచన. ఆ పని ఎన్నడూ సరిగ్గా జరగలేదు. చెరువు తెల్లదొరల పడవ షికార్లకు, చేపల వేటకే మిగిలింది. కట్టకు గండ్లు పడి మూడుసార్లు ఖాళీ అయింది కూడా. ఆనక ఒక్కో పక్కా పూడ్చుకుంటూ బస్టాండు, రేస్‌కోర్సు, లేక్ పార్కు కట్టారు. మనవాళ్లు వేసవిలో బోటెక్కే లేక్ ఇప్పుడు 65 ఎకరాలే. పైగా టౌన్ మురుగంతా కోడప్పమండ్ కాలువ గుండా అందులోకే చేరుతోంది.

ఇక భూమి సంగతి. సల్లివన్ తోడాల దగ్గర ఎకరా రూపాయి చొప్పున కొన్నాడు. 1829 నాటికి అతని కింద దాదాపు 500 ఎకరాలు ఉన్నాయి. మిగతా తెల్లవాళ్లందరి భూమీ కలిపినా అందులో ఐదో వంతు. ఆ జిల్లా కలెక్టరూ అతనే, కొనుగోలుదారూ అతనే. గేదెలే ఆస్తిగా, పచ్చిక బయలంతా అందరిదీగా బతికిన తోడాలు భూమిని ఎకరాల్లో కొలిచి అమ్మడం అంతకుముందు ఎరగరు. కలెక్టరే వచ్చి అడిగితే వాళ్లు కాదనగలరా? ఆ రూపాయిని న్యాయమైన ధర అనడానికి నాకు మనసొప్పదు.

అయినా తోడాల తరఫున గట్టిగా మాట్లాడిందీ సల్లివనే. ఆ కొండలు తోడాల సొంతమనీ, పరిహారం ఇవ్వకుండా ఎవరూ తీసుకోకూడదనీ కంపెనీతో వాదించాడు. అక్కడ సాగు చేసుకునే బడగలు తోడాలకు ఏటా ధాన్యం కొలిచి ఇవ్వడమే అందుకు రుజువుగా చూపించాడు. మద్రాసు గవర్నర్ లషింగ్టన్ ఒప్పుకోలేదు. ఇద్దరికీ చెడింది. 1830లో నీలగిరిలో కొంత భాగాన్ని కోయంబత్తూరు నుంచి తప్పించి మలబారు జిల్లాలో కలిపేశారు. చివరికి కంపెనీ తేల్చిందేమిటంటే, తోడాలకు మేపుకునే హక్కే కానీ యాజమాన్యం లేదు. ఆ మాటతో బంగ్లాలకూ తోటలకూ దారి తెరుచుకుంది.

సల్లివన్ భార్య, కూతురు 1838లో చనిపోయారు. వాళ్ల సమాధులు ఊటీ సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో ఉన్నాయి. 1841లో అతను ఇండియా వదిలి వెళ్లిపోయాడు.

ఊటీకి రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంగా 2022 మేలో ముఖ్యమంత్రి స్టాలిన్ అక్కడ సల్లివన్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. పెట్టడం తప్పని అనను. అతను ఈ భూమి ఎవరిదని వాదించాడో, ఎంతకు కొన్నాడో, ఆ రెండు సంగతులూ విగ్రహం పక్కన పలక మీద చెక్కించాలి. తోడాలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, చదువుకుంటారు.