ప్రయోగం అంటే అర్థం కాకపోవడం కాదు: నాటకరంగంపై అపోహలు - వాస్తవాలు

నాటకాలు ఆడుతూ, ఆడిస్తూ ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ నాటకం అయ్యాక ఎవరో ఒకరు గ్రీన్‌రూమ్‌కి వచ్చి, "బాగుందండీ, ప్రయోగం కదా, మాకు పెద్దగా అర్థం కాలేదు" అని వెళ్తారు. మర్యాదకే అంటారు. కానీ ప్రయోగం అంటే అర్థం కాకుండా ఉండటమే అనే నమ్మకం ఆ మాటలో ఉంది. నా పేచీ ఆ నమ్మకంతోనే. రిహార్సల్స్‌కి వచ్చే పిల్లల నోట, పరిషత్తుల్లో తోటి దర్శకుల నోట తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: సెట్టింగ్, లైటింగ్ లేకుండా ఆడేస్తే ప్రయోగాత్మక నాటకం అయిపోతుంది. డబ్బు లేనివాళ్ల దారి అది.

వాస్తవం: దీని వెనక ఉన్నది పోలండ్ దర్శకుడు యెజి గ్రోటోవ్‌స్కీ చెప్పిన 'పేద నాటకరంగం'. పేద అంటే చౌక అనుకున్నారు చాలామంది. ఆయన అడిగింది వేరు. మేకప్ తీసేస్తే నాటకం ఉంటుందా? ఉంటుంది. సెట్టింగ్ తీసేస్తే, సంగీతం తీసేస్తే? అప్పుడూ ఉంటుంది. నటుణ్ణో ప్రేక్షకుణ్ణో తీసేస్తే మాత్రం ఉండదు. మరి ఆ ఇద్దరి మధ్య ఏం జరగాలి? 1959లో ఓపోలే అనే ఊళ్లో ఓ చిన్న థియేటర్లో మొదలుపెట్టి, 1965లో వ్రోత్స్వాఫ్ నగరానికి మారి, ఆయన వెతికింది ఇదే.

1962లో ఆయన చేసిన 'అక్రోపోలిస్' చూడండి. మూల నాటకం క్రాకోలోని ఒక ప్రాచీన చర్చిలో జరుగుతుంది. గ్రోటోవ్‌స్కీ దాన్ని నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి మార్చాడు. జైలు గోడలేవీ కట్టలేదు. నటులకు చిల్లులు పడిన గోనెసంచుల్లాంటి బట్టలు, బరువైన చెక్క చెప్పులు. ఆ చెప్పుల చప్పుడే నాటకానికి తాళం. మేకప్ లేదు. ముఖ కండరాలనే బిగించి ముసుగులా నిలబెట్టారు. మొదట్లో మధ్యలో ఒక పెద్ద పెట్టె, దాని మీద పొయ్యి గొట్టాల కుప్ప, ఒక తోపుడు బండి లాంటి పాత సామాను. నాటకం సాగేకొద్దీ నటులు ఆ గొట్టాల్ని ప్రేక్షకుల మధ్య బిగిస్తూ పోతారు. చివరికొచ్చేసరికి జనం కూర్చున్న చోటే శవాలు కాల్చే చోటుగా మారిపోతుంది. నటులు పాడుకుంటూ మధ్యలో ఉన్న పెట్టెలోకి ఒకరి వెనక ఒకరు దిగిపోతారు.

ముఖాన్ని అలా బిగించి డైలాగ్ చెప్పడం మా వర్క్‌షాపులో ఒకసారి చేయించాను. పది నిమిషాలకే ఇద్దరు దవడలు పట్టుకుని కూర్చుండిపోయారు. సెట్టింగ్ తీసేస్తే దాని బరువంతా నటుడి ఒంటిమీద పడుతుంది. దానికి సిద్ధం చేయకుండా ఖాళీ స్టేజీ ఇచ్చి 'ప్రయోగం' అనడం నటులకు అన్యాయం.

అపోహ: జర్మన్ నాటకకర్త, దర్శకుడు బ్రెహ్ట్ పద్ధతిలో నటుడు ఏ ఉద్వేగమూ లేకుండా వార్తలు చదివినట్టు చెప్పాలి.

వాస్తవం: 1949 జనవరిలో బెర్లిన్‌లో బ్రెహ్ట్ నాటకం 'మదర్ కరేజ్' ఆడినప్పుడు తల్లి పాత్ర హెలెనె వైగెల్ వేశారు. కొడుకుని కాల్చేసిన తుపాకుల శబ్దం వినబడుతుంది. ఆమె తల వెనక్కి వాలుతుంది, నోరు పూర్తిగా తెరుచుకుంటుంది, గొంతులోంచి మాత్రం చప్పుడు రాదు. ఫొటోలో చూసినా కడుపులో దేవినట్టు ఉంటుంది. ఇందులో ఉద్వేగం లేదని ఎలా అంటాం? అయితే మనం ఏడ్చి ఊరుకోవడం బ్రెహ్ట్‌కి ఇష్టం లేదు. కొడుకుని విడిపించే లంచం దగ్గర ఆ తల్లి బేరమాడుతూ ఆలస్యం చేసింది. ఆ సంగతి మన మనసులో నిలవాలి.

అపోహ: ప్రయోగం చేసే దర్శకుడు రచయితను లెక్కచేయడు.

వాస్తవం: కొందరు చెయ్యరు, నిజమే. కానీ ఇంగ్లండ్ దర్శకుడు పీటర్ బ్రూక్ 1970లో షేక్‌స్పియర్ 'మిడ్ సమ్మర్ నైట్స్ డ్రీమ్'ని అడవి, చెట్లు ఏమీ లేకుండా తెల్లటి పెట్టెలాంటి స్టేజీ మీద, ఊయలల మీద వేలాడే నటులతో ఆడించాడు. షేక్‌స్పియర్ మాటలు మాత్రం అలాగే ఉంచాడు.

అపోహ: ఇదంతా పడమటి సరుకు, మనకు అతకదు.

వాస్తవం: 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ అభినయం చూసి బ్రెహ్ట్ ఎంతో నేర్చుకున్నాడు. నటుడు పాత్రగా మారిపోకుండా పాత్రను మనకు చూపించడం ఆయన్ని ఆకట్టుకుంది. మన భామాకలాపంలో సత్యభామ తెరమీదుగా జడ వేసి, తానెవరో తానే చెప్పుకుంటుంది. సూత్రధారుడే ఆమె చెలికత్తె మాధవి అయి ఆమెతో మాట్లాడతాడు. మన తాతలకు ఇందులో వింతేమీ కనబడలేదు.

నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ లండన్‌లో చదివి, బెర్లిన్‌లో బ్రెహ్ట్ నాటకాలు చూసి వచ్చి, ఛత్తీస్‌గఢ్ జానపద నాటకమైన నాచా కళాకారులతో పని మొదలుపెట్టారు. మొదట్లో వాళ్లకి హిందీ డైలాగులిచ్చి, ఎక్కడ నిలబడాలో గీత గీసి చెప్పారు. వాళ్లు బిగుసుకుపోయారు. తప్పు తనదని గ్రహించి, వాళ్లని వాళ్ల భాషలోనే మాట్లాడనిచ్చారు. 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' ఆ దారిలో వచ్చిందే. మన దగ్గర సురభి వాళ్లు, తెరలకీ మాయలకీ పేరుపడ్డ ఆ కుటుంబాలు, కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ దర్శకత్వంలో బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడారు. పద్యం పాడే గొంతుకి బ్రెహ్ట్ బరువు కాలేదు.

అపోహ: ప్రయోగమంటే అప్పటికప్పుడు తోచింది చేయడం. రిహార్సల్ తక్కువైనా పరవాలేదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే. గ్రోటోవ్‌స్కీ 'కాన్‌స్టంట్ ప్రిన్స్'లో ప్రధాన పాత్ర వేసిన రిషార్డ్ చెష్లాక్‌తో నెలల తరబడి ఒంటరిగా, వేరే ఎవర్నీ రానివ్వకుండా పనిచేశాడు. చూసేవాళ్లకి ఆ నటుడు అప్పటికప్పుడు ఒళ్లు మరిచి ఊగిపోతున్నట్టే ఉండేది. ఆ నాటకం శబ్దాన్ని ఒక ప్రదర్శనలో, బొమ్మని వేరే ప్రదర్శనలో విడివిడిగా రికార్డు చేశారు. తర్వాత రెండూ కలిపి చూస్తే నటుడి కదలికకీ మాటకీ దాదాపు ఎక్కడా తేడా రాలేదు.